రెండు పట్టికలు, ఒక లెక్క: డేటా స్టెప్ మెర్జా, ఎస్‌క్యూఎల్ జాయినా?

సాహితీ క్లబ్ పత్రికలో కోడింగ్ పాఠమేందని పేజీ తిప్పేయకండి. ఇందులో మామిడికాయలు ఉన్నాయి, మా మామ ఉన్నాడు, నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. ఆ తప్పు చేయకపోయి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

2025 జూన్‌లో సెలవులకు ఊరికి పోయినాను. మాది బంగారుపాళ్యం వైపు. ఆ సీజన్ గుర్తుంది కదా! తోతాపురి ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం దాని మీద 4 రూపాయలు కలుపుతుందని, మొత్తం 12 రూపాయలు రైతుకు అందాలని ప్రకటించారు. మా ఊళ్లో తోటలున్నవాళ్లంతా ఎవరు ఎన్ని టన్నులు తోలినారో తమకోసం ఒక జాబితా రాసి పెట్టుకుందామనుకున్నారు. ఒక నోట్‌బుక్‌లో రైతుల పేర్లు, ఇంకో సంచిలో తూకం చీటీలు.

"ఏం అబ్బోడా, కంప్యూటరు చదవతా ఉండావు గదా, ఈ లెక్కేదో చూసి పెట్టు" అన్నాడు మామ.

ఆ సెమిస్టర్‌లోనే ఎలెక్టివ్‌గా సాస్ నేర్చుకున్నాను. తినే సాస్ కాదు, డేటా విశ్లేషణకు వాడే సాఫ్ట్‌వేర్. ఇదెంత పని అనుకుని రెండు పట్టికలు టైప్ చేసి, జాయిన్ కొట్టి, అరగంటలో ప్రింట్ ఇచ్చేసినాను. సాయంత్రం పక్క వీధి అక్క ఒకామె వచ్చి, కాగితం పైనుంచి కింద దాకా చదివించుకుని, "నా పేరు లేదేమబ్బా?" అని అడిగింది.

ఆమె తోలింది 5 టన్నులు. కిలోకి 4 రూపాయల లెక్కన 20 వేల రూపాయలు. నా లాగ్‌లో మాత్రం ఒక్క ఎర్ర అక్షరం కూడా లేదు. ప్రోగ్రాం సరిగ్గానే నడిచింది. నేను అడిగిన ప్రశ్నే తప్పు.

ఆ తప్పు ఎట్లా జరిగిందో అర్థం చేసుకుంటే మెర్జ్‌కూ జాయిన్‌కూ తేడా మొత్తం అర్థమవుతుంది. పదండి చూద్దాం.

ఈ రెండు పద్ధతులూ ఎక్కడివి?

1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఇ.ఎఫ్. కాడ్ రిలేషనల్ మోడల్ మీద తన ప్రసిద్ధ పత్రం ప్రచురించారు. డేటాను పట్టికలుగా చూడాలి, ఏం కావాలో చెప్పాలి తప్ప ఎట్లా తేవాలో చెప్పక్కర్లేదు అన్నది ఆ ఆలోచనకు మూలం. దాని మీద 1974లో అదే సంస్థలోని చాంబర్లిన్, బాయిస్ ఒక భాష ప్రతిపాదించారు. అదే నేటి ఎస్‌క్యూఎల్.

సాస్ దారి వేరు. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో వ్యవసాయ పరిశోధనల డేటా విశ్లేషించడానికి మొదలైన పని అది. 1976లో సాస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ అయింది. వ్యవసాయ లెక్కలతో పుట్టిన సాఫ్ట్‌వేర్‌తో మామిడి లెక్క వేయడం సబబే కదా! సాస్‌లో డేటా స్టెప్ అనే సొంత పద్ధతి మొదటి నుంచీ ఉంది. తర్వాత ప్రాక్ ఎస్‌క్యూఎల్ కూడా చేర్చారు. అందుకే ఒకే పని రెండు విధాలుగా చేసే వీలు, దానితోపాటే ఈ తికమక వచ్చాయి.

హైదరాబాద్ అమీర్‌పేటలో సాస్ కోర్సుల బోర్డులు చూసే ఉంటారు. మన సీనియర్లలో క్లినికల్ ట్రయల్స్ వైపు పోయినవాళ్లు రోజూ చేసే పని ఇదే. రోగికి ఒక వరుస ఉన్న పట్టిక ఒకటి, అదే రోగికి ఎన్నో వరుసలుండే దుష్ప్రభావాల పట్టిక ఇంకొకటి. రెండూ కలపాలి. ఒక వరుస రాలిపోతే అక్కడ పోయేది మందు వికటించిన సంగతి.

మన పట్టికలు

పాఠం కోసం లెక్క చిన్నది చేసినాను. అంకెలు నేను వేసుకున్నవే, తప్పు మాత్రం నిజమే.

మొదటి పట్టిక, రైతులు. నంబరు, ఎకరాలు:
101 – 2
102 – 3
103 – 1
105 – 4

రెండో పట్టిక, చీటీలు. నంబరు, టన్నులు:
101 – 3
101 – 2
101 – 1
102 – 4
104 – 5

గమనించండి. 101 మూడు లోడ్లు తోలినారు. 103, 105 ఇంకా కాయ కోయలేదు. 104కు చీటీ ఉంది, రైతుల పట్టికలో పేరు లేదు. చీటీల మొత్తం 15 టన్నులు. ఈ 15ను గుర్తుపెట్టుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

డేటా స్టెప్ మెర్జ్ ఎట్లా పనిచేస్తుంది?

ఇద్దరు గుమాస్తాలు రెండు పద్దు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకున్నారనుకోండి. రెండూ నంబరు వరుసలో రాసి ఉన్నాయి. ఇద్దరూ వేలు పెట్టి పైనుంచి కిందకు వస్తారు. ఇద్దరి వేళ్లూ ఒకే నంబరు మీద ఉంటే రెండు వరుసలూ కలిపి మూడో పుస్తకంలో రాస్తారు. ఒకరి దగ్గర ఆ నంబరు లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. మెర్జ్ అంటే ఇంతే.

కోడ్ ఇట్లా ఉంటుంది. చదవడానికి తెలుగు లిపిలో రాసినాను, కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

డేటా కలిపినది;
మెర్జ్ రైతులు(ఇన్=అ) చీటీలు(ఇన్=ఆ);
బై నంబరు;
రన్;

వేలు పెట్టి కిందకు రావాలంటే పుస్తకాలు వరుసలో ఉండాలి. అందుకే ముందు రెండు పట్టికలనూ ప్రాక్ సార్ట్‌తో నంబరు ప్రకారం సర్దాలి, లేదా ఇండెక్స్ ఉండాలి. సర్దకపోతే సాస్ ఎర్ర అక్షరాలతో ఆగిపోతుంది. ఆగిపోవడం మంచిదే. అసలు భయపడాల్సింది ఆగకుండా తప్పు ఇచ్చే సందర్భాలకు.

101కు చీటీలు మూడు, రైతు వరుస ఒకటే. మొదటి చీటీతో కలిపిన తర్వాత రైతు వైపు ఇంకో 101 లేదు. అప్పుడు సాస్ ఆ 2 ఎకరాల విలువను చెరిపేయకుండా, ఆ నంబరు గుంపు అయిపోయేదాకా పట్టుకుని ఉంటుంది. అందుకే మూడు వరుసల్లోనూ 2 ఎకరాలు కనిపిస్తాయి.

పై కోడ్‌కు వచ్చే జవాబు 7 వరుసలు. 101కు మూడు, 102, 103, 104, 105కు ఒక్కొక్కటి. అంటే మెర్జ్ తనంతట తాను ఎవరినీ వదిలిపెట్టదు. ఎవరు కావాలో చెప్పడానికే ఆ ఇన్= గుర్తులు. ఆ వరుసకు రైతుల పట్టిక నుంచి డేటా వచ్చి ఉంటే అ విలువ 1, లేకపోతే 0. చీటీల నుంచి వస్తే ఆ విలువ 1. బై తర్వాత ఒక్క లైన్ చేరిస్తే చాలు:

ఇఫ్ అ, అంటే రైతులందరూ. 6 వరుసలు. ఇది లెఫ్ట్ జాయిన్.
ఇఫ్ ఆ, అంటే చీటీలన్నీ. 5 వరుసలు. ఇది రైట్ జాయిన్.
ఇఫ్ అ అండ్ ఆ. అంటే రెండింటిలో ఉన్నవే. 4 వరుసలు. ఇది ఇన్నర్ జాయిన్.
ఇఫ్ ఆ అండ్ నాట్ అ. అంటే చీటీ ఉండి పేరు లేనిది. ఒక్కటే వరుస, 104.

ఎస్‌క్యూఎల్ జాయిన్ ఎట్లా ఆలోచిస్తుంది?

ఎస్‌క్యూఎల్‌కు పై నుంచి కిందకు అనే మాటే లేదు. మొదటి పట్టికలోని ప్రతి వరుసనూ రెండో పట్టికలోని ప్రతి వరుసతో జత కట్టి, మనం చెప్పిన షరతుకు సరిపోయే జతలనే ఉంచుతుంది అనుకోండి. లోపల నిజంగా అన్ని జతలూ కట్టదు, తెలివైన దారులు ఎంచుకుంటుంది. జవాబు మాత్రం అట్లా కట్టినట్టే వస్తుంది.

ప్రాక్ ఎస్‌క్యూఎల్;
క్రియేట్ టేబుల్ కలిపినది యాజ్
సెలెక్ట్ అ.*, ఆ.టన్నులు
ఫ్రమ్ రైతులు యాజ్ అ ఇన్నర్ జాయిన్ చీటీలు యాజ్ ఆ
ఆన్ అ.నంబరు = ఆ.నంబరు;
క్విట్;

నేను ఊళ్లో కొట్టింది ఇదే. వచ్చింది 4 వరుసలు, 10 టన్నులు. 5 టన్నులు ఎక్కడ పోయినాయి? 104 దగ్గర. ఆ అక్క తోటకు యజమాని కాదు, కౌలుకు చేసుకుంటోంది. మామ నోట్‌బుక్‌లోని పేర్లు పాసుపుస్తకాలు చూసి రాసినవి. కౌలు రైతు పేరు అందులో ఉండదు. ఇన్నర్ జాయిన్ అనే రెండు మాటలతో నేను ఆమెను ఊరి లెక్కలోనుంచే తీసేసినాను.

లెఫ్ట్ జాయిన్ వేసి ఉంటే? అప్పుడూ ఆమె పోయేదే, ఎందుకంటే ఎడమ వైపు ఉన్నది రైతుల పట్టిక. పైగా వరుసలు 6 వచ్చి, అందరూ ఉన్నట్టే అనిపించేది. కాబట్టి మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఏ జాయిన్ అని కాదు, ఈ లెక్కలో ఎవరు తప్పిపోకూడదు అని. ఇక్కడ తప్పిపోకూడనిది చీటీ.

ఎస్‌క్యూఎల్‌తో మూడు లాభాలు ఉన్నాయి. ముందుగా సర్దే పని లేదు. రెండు పట్టికల్లో కాలమ్ పేర్లు వేరుగా ఉన్నా ఫర్వాలేదు. అన్నిటికంటే పెద్దది, షరతు సమానంగానే ఉండాలని లేదు. ధర వారానికోసారి మారిందనుకోండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ ధర అని ఒక పట్టిక ఉంటే, తూకం తేదీ ఆ రెండు తేదీల మధ్య ఉండాలి అని ఆన్ తర్వాత రాస్తే సరి. ఇది మామూలు మెర్జ్‌తో నేరుగా కుదరదు.

జాగ్రత్తలు కూడా రెండు. జవాబు వరుసలు ఏ క్రమంలో వస్తాయో హామీ లేదు, కావాలంటే ఆర్డర్ బై రాయాలి. రెండోది వేర్ ఉచ్చు. రైతులను ఎడమ వైపు పెట్టి లెఫ్ట్ జాయిన్ వేసి, కింద వేర్‌లో టన్నులు 2 కంటే ఎక్కువ అని రాసినారనుకోండి. చీటీ లేని 103, 105 ఆ పరీక్షలో ఫెయిలై పోతారు, రెండే వరుసలు మిగులుతాయి. లెఫ్ట్ అని రాసినా ఇన్నర్ అయిపోయింది. అదే షరతు ఆన్ లోపల పెడితే నాలుగు వరుసలు వస్తాయి, రైతులందరూ ఉంటారు.

రెండూ వేర్వేరు జవాబులు ఇచ్చే చోటు

ఒకటికి ఒకటి, ఒకటికి అనేకం ఉన్నంతవరకు రెండు పద్ధతుల జవాబూ ఒకటే. అనేకానికి అనేకం దగ్గరే గొడవ.

101కు రెండు తోటలున్నాయి అనుకుందాం, చెరువు కింది తోట, గుట్ట మీది తోట. తోటల పట్టికలో 101కు రెండు వరుసలు, చీటీల్లో మూడు. కలిపితే ఏమవుతుంది?

మెర్జ్ అయితే గుమాస్తాల వేళ్లు కలిసి దిగుతాయి. చెరువు కింది తోటకు 3 టన్నులు, గుట్ట మీది తోటకు 2 టన్నులు. మూడో చీటీకి తోటల వైపు కొత్త వరుస లేదు కాబట్టి గుట్ట మీది తోటే మళ్లీ పడుతుంది, 1 టన్ను. మొత్తం 6 టన్నులే, సరిగ్గా ఉంది. కానీ ఏ లోడు ఏ తోటదో అన్నది పూర్తిగా కాకతాళీయం. చీటీల క్రమం మారితే జవాబు మారిపోతుంది. సాస్ లాగ్‌లో బై విలువలు ఒకటికంటే ఎక్కువ పట్టికల్లో పునరావృతం అయ్యాయని నీలం రంగులో ఒక నోట్ మాత్రం ఇస్తుంది. ఎర్రది కాదు కాబట్టి మనం చూడం.

ఎస్‌క్యూఎల్ అయితే ప్రతి తోటకూ ప్రతి చీటీ. రెండు మూళ్లు ఆరు వరుసలు. టన్నులు కూడితే 12! ఒక్క రైతు దగ్గరే 6 టన్నులు, అంటే 24 వేల రూపాయలు లేనివి పుట్టుకొచ్చాయి. దీనికి నోట్ కూడా రాదు.

ఏది సరైనది అంటే రెండూ కాదు. ఏ లోడు ఏ తోటదో చీటీలో రాసి ఉంటే తోట నంబరు కూడా కీలో కలపాలి. రాసి లేకపోతే ముందు చీటీలను రైతుకు ఒక మొత్తంగా కూడి, తోటలను కూడా రైతుకు ఒక వరుస చేసి, అప్పుడు కలపాలి. డేటాలో లేని సంబంధాన్ని ఏ జాయినూ సృష్టించలేదు.

ఇదే తప్పు జిల్లా స్థాయిలో చేస్తే చూడండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినాయి. మన పాత చిత్తూరు జిల్లా చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల మధ్య పంపకమైంది. 2011 జనగణనలో పాత చిత్తూరుకు ఒకటే వరుస, జనాభా దాదాపు 41.7 లక్షలు. పాత జిల్లా పేరు కీగా పెట్టి మూడు కొత్త జిల్లాల పట్టికతో జాయిన్ చేస్తే ఆ 41.7 లక్షలు మూడు చోట్లా పడుతుంది. కూడితే కోటీ పాతిక లక్షలు! పైగా గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. వాళ్ల లెక్క నెల్లూరు వరుసలో ఉండిపోతుంది. ఇక్కడ సరైన కీ జిల్లా కాదు, మండలం. ఫైనలియర్ ప్రాజెక్టుకు జిల్లా డేటా తీసుకునేవాళ్లు దీన్ని తప్పక చూసుకోండి.

చప్పుడు చేయని తప్పులు నాలుగు

ఒకటి, బై మర్చిపోవడం. బై లేకుండా మెర్జ్ రాస్తే సాస్ మొదటి వరుసకు మొదటి వరుస, రెండోదానికి రెండోది అతికిస్తుంది. మన పట్టికల్లో 102 వాళ్ల 3 ఎకరాలు 101 నంబరు పక్కన పోయి కూర్చుంటాయి. మామూలుగా హెచ్చరిక కూడా రాదు. ప్రోగ్రాం మొదట్లో మెర్జ్‌నోబై ఆప్షన్‌ను ఎర్రర్ అని పెట్టుకుంటే ఈ పీడ ఉండదు.

రెండు, ఒకే పేరున్న కాలమ్‌లు. రెండు పట్టికల్లోనూ తేదీ అనే కాలమ్ ఉందనుకోండి, ఒకటి పేరు నమోదు తేదీ, ఇంకొకటి తూకం తేదీ. మెర్జ్‌లో వెనక రాసిన పట్టిక విలువ ముందుదాన్ని కప్పేస్తుంది. చీటీలు ముందు, రైతులు వెనక రాస్తే ఇంకా విచిత్రం. 101 మొదటి వరుసలో నమోదు తేదీ, మిగతా రెండింటిలో తూకం తేదీ వస్తాయి, ఎందుకంటే రైతు వరుస ఒక్కసారే చదువుతారు. ప్రాక్ ఎస్‌క్యూఎల్‌లో నక్షత్రం గుర్తు పెట్టి రెండు పట్టికల నుంచీ అన్నీ తీసుకుంటే మొదట వచ్చిన కాలమ్ ఉంటుంది, రెండోది పోతుంది, లాగ్‌లో వార్నింగ్ వస్తుంది. కలపకముందే రీనేమ్ చేసుకోవడమే మందు.

మూడు, ఖాళీ కీలు. బ్యాంకు ఖాతా నంబరు కీగా పెట్టినారు, కొందరికి అది ఖాళీ. మామూలు డేటాబేసుల్లో నల్ అనేది ఇంకో నల్‌తో సమానం కాదు, కాబట్టి జత కట్టదు. సాస్‌లో మాత్రం, ప్రాక్ ఎస్‌క్యూఎల్‌లో కూడా, ఖాళీ ఖాళీతో సమానమే. ఇటు ఇద్దరికి, అటు మూడు చీటీలకు ఖాతా ఖాళీగా ఉంటే ఆరు దొంగ జతలు పుడతాయి. మైఎస్‌క్యూఎల్‌లో నేర్చుకుని సాస్‌కు వచ్చేవాళ్లు ఇక్కడ తప్పకుండా తడబడతారు.

నాలుగు, పేరును కీగా వాడడం. మన వైపు ఒకే మనిషి ఒక కాగితంలో మునెమ్మ, ఇంకో కాగితంలో మునియమ్మ. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట పొట్టి అక్షరం, ఒకచోట అసలు లేదు. కంప్యూటర్‌కు వాళ్లు ముగ్గురు మనుషులు. వీలైనంతవరకు నంబరే కీగా పెట్టండి. ఆ నంబరు కూడా ఒక పట్టికలో అంకెగా, ఇంకోదాంట్లో అక్షరాలుగా ఉంటే రెండు పద్ధతులూ ఎర్రర్ ఇస్తాయి.

మరి ఏది వాడాలి?

ఇది వాదులాడుకునే విషయం కాదు. పనిని బట్టి చూసుకోవాలి.

తేదీల మధ్య షరతులు, వేర్వేరు పేర్ల కీలు, కలపడంతోపాటే కూడికలు కావాలంటే ఎస్‌క్యూఎల్. ఇది నేర్చుకుంటే సాస్ లేని కంపెనీలో కూడా పనికొస్తుంది. ఒకే కీ మీద నాలుగైదు పట్టికలు ఒకేసారి కలపాలన్నా, గుంపులో మొదటి వరుస, చివరి వరుస పట్టుకోవాలన్నా, కలిసినవి ఒక పట్టికలోకి, కలవనివి ఇంకో పట్టికలోకి ఒకే చదువులో పంపాలన్నా డేటా స్టెప్ హాయిగా ఉంటుంది. ఎస్‌క్యూఎల్‌లో ఫుల్ జాయిన్ వేస్తే నంబరును కోఎలెస్‌తో రెండు వైపుల నుంచీ తెచ్చుకోవాలి. మెర్జ్‌లో ఆ బాధ లేదు.

ఏది వాడినా మూడు అలవాట్లు చేసుకోండి. కలపకముందు ప్రతి పట్టికలో కీ ఎన్నిసార్లు పునరావృతమైందో లెక్కపెట్టండి. కలిపిన తర్వాత వరుసలు ఎన్ని రావాలో ముందే కాగితం మీద రాసుకోండి. ఒక మొత్తాన్ని, మన దగ్గర ఆ 15 టన్నుల్ని, ముందూ వెనకా సరిచూడండి. 10 వచ్చినా 21 వచ్చినా ఆగండి.

ఆ రాత్రి నేను చేసింది అదే. చీటీలన్నీ ఉండేట్టు మళ్లీ కలిపి, పేరు దొరకని చీటీలను వేరే కాగితం మీద తీసినాను. అక్కది ఒక్కటే కాదు, ఇంకో ఇద్దరు కౌలుదారులవీ బయటపడ్డాయి. మామ ఆ కాగితం చూసి, "ఇది ముందే తీయాల్సింది గదరా" అన్నాడు. నిజమే. అసలు జాబితాకంటే ముందు తీయాల్సిన కాగితం అదే. ఇఫ్ ఆ అండ్ నాట్ అ, ఒక్క లైన్ పని.

మీకో చిన్న అభ్యాసం. సాస్ ఆన్‌డిమాండ్ ఫర్ అకడమిక్స్‌లో ఉచితంగా ఖాతా తెరవచ్చు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. పై రెండు పట్టికలు కొట్టి, 7, 6, 5, 4 వరుసలు మెర్జ్‌తోనూ, జాయిన్‌తోనూ తెప్పించండి. తర్వాత రైతుల పట్టికలో 102ను రెండుసార్లు రాసి మళ్లీ నడపండి. ఈసారి టన్నుల మొత్తం ఎంత వస్తుందో, ఎందుకు వస్తుందో ముందే చెప్పగలిగితే ఈ పాఠం మీకు వచ్చేసినట్టే.